కోణమానిని లేకుండా 90, 75 డిగ్రీలు గీయడం పిల్లలకి ఎట్ల నేర్పించాలి?

అన్నా, మీ పాప కాంపస్‌తో 90 గీస్తే కొలిచినప్పుడు 88, 92 ఇట్ల వస్తోంది, 75 అయితే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీడం లేదు అన్నారు కదా. నేను తాడిపత్రిలో ఇంటికాడ పిల్లలకి లెక్కలు చెప్తాను, స్టెప్పులు బట్టీ పట్టిస్తే తెల్లారేసరికి మర్చిపోతారు, 60 ఎందుకు వస్తుందో అర్థమైతే మిగతావి వాళ్లే గీసుకుంటారు.

గీత చివర ముల్లు పెట్టి పెద్ద చాపం గీయమనండి. అది గీతని తాకిన చోట మళ్లీ ముల్లు పెట్టి, కాంపస్ ఏమాత్రం కదలకుండా అదే కొలతతో ఆ చాపాన్ని కొయ్యాల. ఇప్పుడు ఆ మూడు చుక్కలూ స్కేలుతో కలిపించండి, ఇది మాత్రం తప్పకుండా చేయించండి, మూడు భుజాలూ సమానమని పాపకే కనపడుతుంది, అందుకే ప్రతి కోణమూ 60. అదే కొలతతో ఇంకోసారి ముందుకి కోస్తే 120. ఇంక అన్నీ సగం చేయడమే, అంటే రెండు గీతలూ పెద్ద చాపాన్ని తాకిన చుక్కల నుంచి ఒకే కొలతతో రెండు చాపాలు గీసి, అవి కోసుకున్న చుక్కని మూలకి కలపడం, 60కి 120కి నడుమ 90, 60కి 90కి నడుమ 75, 90లో సగం 45.

60ని మూడు భాగాలు చేస్తే 20 వస్తుంది కదా సార్ అని అడిగే పిల్లలుంటారు, చాలా మంచి ప్రశ్న అది. ఒట్టి స్కేలు, కాంపస్‌తో అది కుదరదని 1837లో ఫ్రాన్స్‌లో పియర్ వాంట్జెల్ అనే లెక్కల పండితుడు నిరూపించినాడు.

ఇంక 88, 92 సంగతి. కాంపస్ మర బిగించండి, పెన్సిల్ సన్నగా చెక్కించండి, అన్నిటికన్నా ముఖ్యం చాపాలు పెద్దవి గీయించండి, చిన్న చాపాలు కోసుకున్న చుక్క మూలకి దగ్గరగా పడుతుంది, అక్కడ పెన్సిల్ గీత మందం తేడా వచ్చినా కోణం మారిపోతుంది. మా నాయన బండలు పరిచే పని చేసేవాడు, గది మూల మట్టం చూడాలంటే ఒక గోడ మీద 3 అడుగులు, ఇంకో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి ఆ రెంటి మధ్య టేపుతో 5 అడుగులు వచ్చిందా అని చూసేవాడు, పెద్ద గదైతే 6, 8, 10 కొలతలు పెట్టేవాడు. 5 అడుగుల కాడ అర అంగుళం ఎక్కువొస్తే మూల దాదాపు 1 డిగ్రీ తెరుచుకున్నట్టు, అదే తేడా 10 అడుగుల కాడ వస్తే అర డిగ్రీనే. ఆ 1 డిగ్రీ 20 అడుగుల గోడ చివరికి పోయేసరికి 4 అంగుళాలు దాటుతుంది, బండలు కోసి సర్దాల్సి వస్తుంది.

ఆదివారం పాపతో మీ ఇంటి మూలలు ఇట్లే కొలిపించండి, 90 రాని మూల ఏదో ఒకటి దొరుకుతుంది, అది ఎన్ని డిగ్రీలుందో తననే కాగితం మీద గీసి చూడమనండి.