తాళం వేసిన కారు అర్ధరాత్రి ఎందుకు అరుస్తోంది?

ప్రశ్న: మా ఇంట్లో 2003 నాటి జర్మనీ తయారీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. మూడేళ్ల క్రితం హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారానికి ఒకసారి మించి బయటికి తీయను. మిగతా రోజులు రేకుల షెడ్డులోనే ఉంటుంది. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఎవరూ ముట్టకుండానే రాత్రిళ్లు సైరన్ మోగుతోంది. మొన్న బ్యాటరీ వైరు ఊడదీసినా ఆగకపోవడంతో వాడకట్టంతా లేచి వచ్చింది. సైరన్ వైరు కత్తిరించేద్దామని మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, నయీంనగర్, హన్మకొండ

జవాబు: ఒప్పుకోకండి. దొంగ చేసే పని కూడా అదే కాబట్టి, వైరు తెగితే మోగాలనే ఆ సైరన్‌ను తయారుచేశారు. దాని లోపల సొంత బ్యాటరీ ఉంటుంది. మీరు కారు బ్యాటరీని విడదీసినా అది అరుస్తూనే ఉండటానికి కారణం ఇదే. ఆ కాలపు సైరన్లలో సాధారణంగా ఒక్కొక్కటి 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ కొన్నింటిని వరుసగా కలిపి అమర్చేవారు. ఇరవై ఏళ్లు దాటేసరికి ఈ సెల్స్ కారి, అందులోని క్షారం సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. అప్పుడు సైరన్ తనకు తానే మోగుతుంది, లేదా అవసరమైనప్పుడు మూగబోతుంది. మన మే నెల ఎండల్లో రేకుల కింద నిలిపిన కారులో ఈ క్షయం మరింత త్వరగా జరుగుతుంది.

అయినా నేరమంతా సైరన్‌దేనని తేల్చే ముందు కారు బ్యాటరీని కొలిపించండి. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే సరే. 12కి దిగిపోతే, వారం రోజుల నిలుపుడుతో నీరసించిన ఆ బ్యాటరీయే సైరన్ మోగడానికి కారణం కావచ్చు. బానెట్ స్విచ్ అరిగినా, లోపలి కదలికలను పసిగట్టే సెన్సార్ చెడినా ఇలాగే మోగుతుంది. చాలా మోడళ్లలో ఆఖరిసారి అలారం ఎందుకు మోగిందో కారు కంప్యూటర్‌కు తగిలించి చూసే స్కానర్ చెబుతుంది. దానికయ్యే ఖర్చుకు వెనకాడకండి.

సైరన్ విప్పేటప్పుడు కారు తాళం తీసి, అలారం ఆపి, ఆ మోడల్ మాన్యువల్‌లో చెప్పిన క్రమంలోనే బ్యాటరీని విడదీయాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా విడదీస్తేనే మూగగా ఉండే సైరన్లు చాలా ఉన్నాయి. ముందుగా అద్దాలు పూర్తిగా దించుకోండి. ఫ్రేము లేని తలుపులున్న కార్లలో తలుపు తెరిచినప్పుడు అద్దం కొద్దిగా కిందికి దిగుతుంది. కరెంటు లేకపోతే దిగదు కనుక రబ్బరు, అద్దం రెండూ దెబ్బతింటాయి. కరెంటు పోయి వచ్చాక రేడియో కోడ్ అడిగే రకమైతే దాన్ని రాసి పెట్టుకోండి.

ఇక కొత్తదా, పాతదా అంటారా? తుక్కు దుకాణంలో దొరికే సైరన్ మాత్రం వద్దు. అందులోని సెల్స్‌కూ మీ వాటికున్నంత వయసే ఉంటుంది. విప్పి చూస్తే బోర్డు బాగానే ఉందనుకోండి, నేనైతే సెల్స్ మాత్రమే మారుస్తాను. క్షారాన్ని కొద్దిగా వెనిగర్‌తో తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరనివ్వాలి. ట్యాగులున్న (సోల్డర్ చేయడానికి చిన్న లోహపు రేకులు అతికించి ఉన్న) అదే రకం సెల్స్‌ను సోల్డర్ చేసి, డబ్బాను నీరు చొరబడకుండా సిలికోన్‌తో మూయాలి. లిథియం సెల్స్ మాత్రం పెట్టనివ్వకండి, ఆ ఛార్జింగ్ ఏర్పాటు వాటి కోసం చేసింది కాదు. రాగి గీతలు తెగిపోయి ఉంటే కొత్త సైరనే శరణ్యం. అప్పుడు పాతదాని మీది పార్ట్ నంబరుతో సరిపోల్చుకునే డబ్బు కట్టండి.

బిగించేటప్పుడు సైరన్ నోరు పాతది ఏ దిక్కుకు ఉందో అటే ఉంచండి, లేకపోతే వాన నీరు నిలుస్తుంది. కారును కొన్ని గంటలు తిప్పి లోపలి సెల్స్ ఛార్జ్ అయ్యాక ఒక అద్దం దించి తాళం వేయండి; అలారం సిద్ధమయ్యే వరకు ఆగి, చేయి లోపలికి పెట్టి కదిలించి చూడండి. ఈ పరీక్ష పగటిపూట, ఇరుగుపొరుగుకు ముందే చెప్పి చేయండి. తీసిన పాత సెల్స్‌ను చెత్తబుట్టలో వేయకుండా బ్యాటరీలు సేకరించే చోట ఇవ్వండి.