థ పొట్టలో చుక్క

కడప

చి. తమ్మునికి ఆశీస్సులు.

నీ కథల ప్రూఫు అందింది. కథల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ముందు అక్షరాల సంగతి. అట్ట మీద ‘బాలూ తమ్ముడు’ అనే ఫాంటు పెట్టావు, బాగుంది. లోపల పేజీలన్నిటికీ అదే పెట్టావు, అదీ బోల్డులో. రెండో కథ దగ్గరే కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను.

ఆ ఫాంటు మీద నాకు కోపమేం లేదు. ముంబైలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లు చేశారు. ఒక్కో భాషకు ఒక్కో వరస కలిపి పేర్లు పెట్టారు: తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, మనకు తమ్ముడు. 2016లో వచ్చినప్పుడు ఒకటే లావు. తర్వాత వచ్చిన బాలూ తమ్ముడు 2లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా 5 రకాలున్నాయి. ఉచితం కాబట్టి అమ్మే పుస్తకానికైనా నిశ్చింతగా వాడుకోవచ్చు.

మన అక్షరం పుట్టుకే గుండ్రం, అందుకే ఈ ఫాంటు మన కంటికి ఇట్టే నచ్చుతుంది. చిక్కు కూడా అక్కడే. గీత లావయ్యే కొద్దీ లోపలి ఖాళీ తగ్గిపోతుంది.

నా మొదటి పుస్తకానికి నేనూ ఈ పనే చేశాను. డీటీపీ షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా లావు ఫాంటు ఏరుకున్నాను, పేజీ నిండుగా కనపడాలని. అచ్చయ్యాక ఒక తెలుగు మాస్టారికి కాపీ ఇస్తే, ‘కథ’ వచ్చిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపారు. ‘కధ కాదు నాయనా, కథ’ అని మొదటి పేజీలో రాశారు. నేను రాసింది కథే. సైజు 11 పాయింట్లకు దిగేసరికి లావు గీత ఉబ్బి థ పొట్టలో చుక్కను మింగేసింది. ‘పాఠం’ కాస్తా ‘పారం’ అయింది. ఆయనకు ఇదంతా ఎలా చెప్పేది? నమస్కారం పెట్టి వచ్చేశాను.

కాబట్టి లోపలికి మండలి లాంటి సన్నపాటి ఫాంటు పెట్టు. తమ్ముణ్ణి అట్టకూ, మహా అయితే కథల పేర్లకూ ఉంచు. పిల్లల పుస్తకానికీ, అంగడి బోర్డుకీ, పెళ్లి ఫ్లెక్సీకీ భేషుగ్గా ఉంటుంది. కర్మక్రియల కార్డు మీద మాత్రం చూడలేం. నీ పుస్తకంలో ఆ కరువు కథ ఉంది చూడు, దాని పేరుకు కూడా వద్దు. ఆ బొద్దు అక్షరాల్లో చావు కబురు నవ్వుతూ చెప్పినట్టుంది.

అట్ట మీద ఇంకో తప్పుంది. ‘పెన్న ఒడ్డున’ పై వరస, ‘నీళ్లు లేని కథలు’ కింది వరస. పెన్నలోని న వత్తు దిగి కింద ‘లే’ ఏత్వాన్ని గుద్దుతోంది. ఇంగ్లీషు టైటిల్‌కు సరిపోయే సందు మనకు చాలదు, వత్తులకూ గుడులకూ చోటు కావాలి. రెండు వరసల మధ్య సందు పెంచమను. అట్ట మీద చోటు చాలకపోతే ‘పెన్న ఒడ్డున’ తీసెయ్. నన్నడిగితే ‘నీళ్లు లేని కథలు’ ఒక్కటే చాలు.

షాపులో మ్యాటర్‌ని ‘అను’ అనే పాతరకం ఫాంట్లలో కొట్టి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్పించు, లేకపోతే ఈ ఫాంట్లు పెట్టగానే అక్షరాల బదులు పిచ్చి గీతలొస్తాయి.

అట్ట సరిచేశాక ఒక ప్రింటు తీసి, ఏడు రోడ్ల కూడలిలో తెలిసినవాళ్ల అంగడి తలుపుకు అతికించు. రోడ్డుకు ఇవతల నిలబడి చదువు. థలో చుక్క కనపడితే నాకు ఫోన్ చెయ్.

ఇట్లు,
అన్న