రోజూ కరెంట్ అఫైర్స్ చదివినా ఎగ్జామ్‌లో గుర్తురావట్లేదు, ఏం చేయాలి?

ఇది చాలామందికి ఉన్న ప్రాబ్లమే. రోజూ యాభై బిట్లు బట్టీ పడితే వారం తిరిగేసరికి నలభై ఎగిరిపోతాయి, ఎందుకంటే ఆ ముక్కలకి వెనకాల ఏ లింకూ ఉండదు కాబట్టి. న్యూస్‌ని స్టాండర్డ్ జీకేతో (అంటే తొందరగా మారని జనరల్ నాలెడ్జ్‌తో) కలిపి చదవాలి.

ఉదాహరణకి ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) మార్చిందని వచ్చింది అనుకోండి, ఆ అంకె ఒక్కటే రాసుకుని వదిలేయకుండా, అది డిసైడ్ చేసేది ద్రవ్య పరపతి విధాన కమిటీ అని, అందులో 6గురు సభ్యులని, గవర్నరే ఛైర్మన్ అని, టై అయితే ఆయనకి కాస్టింగ్ ఓటు ఉంటుందని, 2016లో ఆర్‌బీఐ చట్టం సవరించి దీన్ని పెట్టారని, ఇన్‌ఫ్లేషన్ (ధరల పెరుగుదల) టార్గెట్ 4 శాతం, అటూ ఇటూ 2 శాతం అని అన్నీ ఒకే పేజీలో రాసుకోండి. రేటు రేపు మళ్లీ మారొచ్చు, మిగతాదంతా దాదాపు అలాగే ఉంటుంది, క్వశ్చన్ అక్కణ్ణుంచే ఎక్కువ వస్తుంది.

చంద్రయాన్-3 కూడా అంతే, 2023 ఆగస్టు 23న దిగింది, అందుకే ఆ రోజు జాతీయ అంతరిక్ష దినోత్సవం, దిగిన చోటు శివశక్తి పాయింట్.

అవార్డులు, స్పోర్ట్స్‌కి పది నిమిషాలు చాలు. పథకాల వివరాలకి మాత్రం పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) చూడండి, షేరయ్యే పీడీఎఫ్‌లలో తప్పులు బోలెడు (నేను నమ్మి ఒకసారి మార్కులు పోగొట్టుకున్నా).