అన్న దగ్గర లేని డబ్బును మధ్యవర్తి ఇప్పించలేరు

ప్రశ్న: నేను చిత్తూరులో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. వయసు 54. నాయన 1994లో తిరుపతి కొర్లగుంటలో స్థలం కొని ఇల్లు కట్టారు. వీలునామా రాయకుండా 2021లో కాలం చేశారు. అమ్మ అంతకుముందే పోయింది. కింద అన్న అంగడి, మొదటి అంతస్తులో అన్నావదినల కాపురం, రెండో అంతస్తు ఖాళీ. దామలచెరువు దగ్గర రెండున్నర ఎకరాల మామిడితోట కూడా ఉంది. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటి మీద నేను వేసిన పంపకం దావాను కోర్టు మధ్యవర్తిత్వానికి పంపింది, మూడు వారాల్లో మొదటి సమావేశం. ఇల్లు 1 కోటి 20 లక్షలు, తోట 45 లక్షలు చేస్తుందని మా ముగ్గురి అంచనా. ఇల్లు వదలనంటున్న అన్నకు అంగడి మీద నెలకు 70 వేలు మిగులుతుంది. వచ్చే జూన్‌లో నా కూతురి చదువుకు 15 లక్షలు కావాలి. ఎంత మొత్తం దగ్గర పట్టుబట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీ వాటా లెక్క చక్కగా ఉంది. మొత్తం 1 కోటి 65 లక్షలు, ముగ్గురికీ సమానంగా తలా 55 లక్షలు. నాయన స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి ఈ సమాన వాటాకు మీరు, పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ దాకా కూడా వెళ్లనక్కర్లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి హక్కు ఇచ్చింది. మీ పెళ్లికి పెట్టిన 30 సవర్ల బంగారాన్ని ఇందులోంచి తీసివేయాలన్న మీ తమ్ముడి వాదనకు చట్టంలో చోటు లేదు. అయినా ఆ మాట సమావేశంలో వచ్చి తీరుతుంది. వచ్చినప్పుడు నేటి బంగారం ధరతో అతను లెక్క కట్టాడని మీరు అతని కాలేజీ డొనేషన్‌కు వడ్డీ లెక్కగట్టడం మొదలుపెడితే ఆ పూట అక్కడితో సరి.

మీ ఉత్తరంలో లేనిది మీ అన్నగారి లెక్క. మన వైపు చాలామంది మధ్యవర్తి అంటే పెద్దమనుషుల పంచాయితీలో తీర్పు చెప్పే మనిషి అనుకుని, ఆయన్ను ఒప్పించడానికి సిద్ధపడి వెళతారు. మధ్యవర్తి తీర్పు చెప్పరు. అందరినీ కలిపి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, అక్కడ ఎవరు చెప్పిన మాటైనా బయట కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు, అందరూ సంతకం పెట్టేదాకా ఎవరూ దేనికీ కట్టుబడి ఉండరు. అంటే మీరు ఒప్పించాల్సింది అన్నగారినే, ఆయన చెల్లించలేని మొత్తానికి ఆయనను ఒప్పించినా మీకు ఒరిగేదేమీ ఉండదు.

ఇల్లు మొత్తం ఆయన ఉంచుకుని, తోట తమ్ముడికి పోతే, ఆయన మీకు 55 లక్షలు, తమ్ముడికి 10 లక్షలు, వెరసి 65 లక్షలు నగదుగా తేవాలి. పది శాతం వడ్డీకి, పదిహేనేళ్ల గడువుకు 65 లక్షల అప్పు తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు 70 వేలు అవుతుంది. ఆయనకు మిగిలేదే 70 వేలని మీరే రాశారు. ఏ బ్యాంకూ ఆ అప్పు ఇవ్వదు, ఇచ్చినా ఆ ఇల్లు గడవదు. కాబట్టి మీరు 55 లక్షల నగదు దగ్గర పట్టుబడితే ఆయనకు మిగిలేవి రెండే దారులు: ఇల్లు అమ్మడం, లేదా దావా సాగదీయడం. అమ్మనని నాలుగేళ్లుగా చెబుతున్న మనిషి రెండోదే ఎంచుకుంటారు.

అప్పుడు సహజంగా ఆయన వైపు నుంచి వచ్చే ప్రతిపాదన, ‘25 లక్షలు ఇప్పుడిస్తాను, మిగతా 30 లక్షలు ఏడాదికి ఆరు చొప్పున అయిదేళ్లలో ఇస్తాను’ అనేది. వినడానికి 55 లక్షలే. ఏడు శాతం వడ్డీ లెక్కన ఆ అయిదు వాయిదాల నేటి విలువ సుమారు 24 లక్షల 60 వేలు మాత్రమే, అంటే మీరు 5 లక్షల 40 వేలు వదులుకుంటున్నట్టు. వదులుకోవచ్చు, తోబుట్టువు కోసం వదులుకోవడం తప్పేమీ కాదు, కానీ వదులుకుంటున్నామని తెలిసి వదులుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు, బ్యాంకు వాయిదా కడుతూ దానిపైన ఏటా ఆరు లక్షలు ఇవ్వడం కూడా ఆ 70 వేల ఆదాయంతో కుదిరే పని కాదు.

నా మొగ్గు ఖాళీగా ఉన్న రెండో అంతస్తు వైపు. దానికి దాని వంతు స్థలంతో కలిపి 35 లక్షలు విలువ కట్టుకున్నారనుకోండి. అది మీకు, దానితోపాటు 20 లక్షల నగదు మీకు. తోట, 10 లక్షలు తమ్ముడికి. మిగతా 85 లక్షల ఇల్లు అన్నగారికి. అప్పుడు ఆయన తేవలసింది 30 లక్షలే, నెలసరి వాయిదా 32 వేల పైచిలుకు. ఇది ఆయన మోయగల బరువు. మీకు జూన్‌లో కావలసిన 15 లక్షలు అందుతాయి, రెండో అంతస్తు అద్దె మీ పదవీ విరమణ దాకానూ, ఆ తర్వాతా వస్తుంది. ఒక ఇంట్లో ఇద్దరి హక్కులు తలనొప్పే, కాదనను. అందుకే మెట్ల దారి, కరెంటు మీటరు, సంపు, మోటారు ఖర్చు, డాబా మీద ట్యాంకు ఎవరివో, రేపు మీరు అమ్మదలిస్తే మొదట ఎవరిని అడగాలో ఒప్పందంలోనే రాసుకోవాలి. వదినగారికీ మీకూ అద్దెకుండేవాళ్ల విషయంలో గొడవ వచ్చేది 35 లక్షల దగ్గర కాదు, మోటారు స్విచ్చి దగ్గర.

తోట మీకే ఇస్తామంటే? గుత్తకు ఇస్తే ఏడాదికి 60 వేలు వస్తోందని రాశారు. 45 లక్షల మీద అది ఒకటిన్నర శాతం కూడా కాదు. పైగా 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపితే తప్ప 12 రూపాయలు పలకని పరిస్థితి మన జిల్లా రైతులందరికీ గుర్తుంది. చిత్తూరులో బడికి వెళ్లే మీరు ఆ తోట చూసుకోగలరా అన్నది మీకే తెలియాలి.

ఇక పాత బాకీల మాట. నాయన ఆసుపత్రి ఖర్చు 6 లక్షల 30 వేలు తానొక్కడే పెట్టానని, నమ్మకపోతే కాణిపాకంలో ప్రమాణం చేస్తానని అన్నగారు అంటున్నారని రాశారు. నాలుగేళ్లుగా అంగడికి అద్దె ఇవ్వలేదని మీ ఫిర్యాదు, పై కాపురానికి మాత్రం అద్దె అడగనని మీరే అన్నారు. ఆ వీధిలో అలాంటి అంగడికి 12 వేలు అద్దె పలుకుతుందన్న మీ లెక్కే తీసుకుంటే 48 నెలలకు 5 లక్షల 76 వేలు, అందులో మీ వంతు 1 లక్షా 92 వేలు. ఆసుపత్రి ఖర్చులో మీ వంతు 2 లక్షల 10 వేలు. అంటే మీరే ఆయనకు 18 వేలు బాకీ. నాలుగేళ్ల మాటల యుద్ధం నడిచింది ఈ 18 వేల మీద. వినాయకుడిని ఇబ్బంది పెట్టకుండా బిల్లుల ఫైలు తెమ్మని ఆయనకు ముందే కబురు పెట్టండి, మీరు అద్దె లెక్క ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, వీలైతే మొదటి అరగంటలోనే రెండూ చెల్లుకు చెల్లు అనండి. మిగతా సమావేశం నడిచే తీరే మారిపోతుంది.

కాగితాల విషయంలో ఎక్కువ చెప్పను: ఇంటికి ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం), సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి మార్కెట్ విలువ ధ్రువపత్రం, పన్ను రసీదు, తోటకు రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీ. విలువ విషయంలో ముగ్గురూ ఖర్చు పంచుకుని ఒకే వాల్యుయర్‌ను పెట్టుకోవడం మంచిది. విస్తీర్ణాన్ని గజాల్లోనే రాయించండి. అంకణం అన్న కొలత మన వైపు ఒకటి, నెల్లూరు వైపు మరొకటి. ఒకరు అంకణాల్లోనూ ఒకరు గజాల్లోనూ మాట్లాడుకుంటూ ఇరవై నిమిషాలు పోట్లాడుకున్న అన్నదమ్ముల మధ్య నేను కూర్చున్నాను.

అన్నగారి అప్పు సంగతి ముందే కదిలించాలి. హక్కులు తేలకుండా బ్యాంకు సొమ్ము ఇవ్వదు, సొమ్ము రాకుండా మీరు హక్కు వదలకూడదు. సమావేశానికి ముందే ఆయన తన బ్యాంకులో ఎంత అప్పు పుడుతుందో కనుక్కుని వస్తే ఈ ముడి సగం విడుతుంది. మిగతా సగానికి, సొమ్ము ఫలానా తేదీకి మీ ఖాతాలో పడాలి, పడకపోతే ఫలానా వడ్డీ, సొమ్ము పడేదాకా మీ వాటా మీదే అని రాజీలో రాయించండి. తోట మీ దావాలో లేదు కాబట్టి, దాని వరకు రాజీకి రిజిస్ట్రేషన్ కావలసి రావచ్చు. మీ న్యాయవాదిని ఈ ఒక్క విషయం ప్రత్యేకంగా అడగండి.

పన్ను సంగతి చివరికి ఉంచాను కానీ చిన్నది కాదు. నిజమైన కుటుంబ పరిష్కారంలో వాటాలు సమానం చేయడానికి ఇచ్చే సొమ్ము ఆస్తి బదిలీ కిందికి రాదని కోర్టు తీర్పులున్నాయి. అదే సొమ్మును, వాటా వదులుకున్నందుకు ప్రతిఫలంగా రాస్తే మూలధన లాభం, అంటే ఆస్తి బదిలీ మీద వచ్చిన లాభానికి పన్ను, ప్రశ్న లేస్తుంది. ఇంటిలో మీ 40 లక్షల వాటా మొత్తం నగదుగా తీసుకుని, కొన్న ధర బదులు లెక్కకు తీసుకునే 2001 ఏప్రిల్ 1 నాటి దాని విలువ 3 లక్షలని తేలితే, 12.5 శాతం చొప్పున పన్ను సెస్సు కాక 4 లక్షల 62 వేలు. రెండో అంతస్తు తీసుకుంటే నగదు తగ్గుతుంది కాబట్టి ఈ చిక్కూ తగ్గుతుంది. సమావేశం రోజునే సంతకం పెట్టాలన్న నియమం లేదు. ముసాయిదా ప్రతి ఒకటి అడిగి తీసుకోండి, అందులో ‘హక్కు విడుదల’ అన్న మాట కనిపిస్తే మీ ఆడిటర్‌కు చూపించాకే సంతకం పెట్టండి.