చెర్రీ రొయ్యల ఎరుపు పోయి మట్టిరంగు వస్తుంటే

ఎరుపు, నీలం చెర్రీ రొయ్యలను (అక్వేరియంలో అందానికి పెంచే చిన్న రొయ్యలు) ఒకే ట్యాంకులో వేశారు, ఏడాది తిరిగేసరికి పిల్లలన్నీ మట్టిరంగుకు వచ్చాయి, మేత మారిస్తే ఎరుపు తిరిగొస్తుందా అని అడిగారు కదండీ. రాదు. రెండూ నియోకారిడినా డేవిడీ అనే ఒకే జాతి. కలిస్తే పిల్లలు పుడతాయి గానీ, రెండు మూడు తరాల్లో చాలావరకు ప్రకృతిలో సహజంగా ఉండే రొయ్యల గోధుమ రంగుకే పోతాయి. నేనూ మొదట్లో ఇదే తప్పు చేశాను, టెన్షన్ పడకండి.

ఆ గుంపును సరదాకి ఉంచుకోండి. బ్రీడింగ్‌కి వేరే ట్యాంకులో ఒకే రంగువి పది పదిహేనుతో కొత్తగా మొదలుపెట్టండి. కొనేటప్పుడు కాళ్లు చూడండి. మేలురకానికి కాళ్లకూ ఎరుపు దిగి ఉంటుంది. నాసిరకానికి వీపు మీద ఎర్ర మచ్చలు, మధ్యలో గాజులా ఖాళీలు.

రంగు సరిగ్గా లేనివాటిని ఏరి తీసేసేటప్పుడు చాలామంది బోల్తాపడేది మగవాటి దగ్గర. అవి సహజంగానే చిన్నగా, పాలిపోయి ఉంటాయి. ఆడవాటి పక్కన పెట్టి చూస్తే అన్నీ పనికిరానివే అనిపిస్తాయి. మగవాటిని మగవాటితోనే పోల్చండి.

గుడ్లు పొదగడానికి దాదాపు నెల పడుతుంది. పిల్లలకు రెండు మూడు నెలలు నిండాకే ఏరండి, అంతకుముందు రంగు సరిగ్గా తేలదు. నల్ల ఇసుక మీద ప్రతి రొయ్యా ముదురుగానే కనిపిస్తుంది. అందుకే నేను తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బాలో ట్యాంకు నీళ్లు పోసి, అయిదేసి వేసి, కాసేపు ఆగి చూస్తాను.

తీసేసినవాటిని చెరువులో, కాలువలో మాత్రం వదలకండి.