చపాతీలు ఒత్తితే స్టెప్స్ పడుతున్నాయ్, ట్రాలీ తోస్తే పడట్లేదు!

ప్రశ్న: సార్, మా అమ్మకి స్మార్ట్ బ్యాండ్ కొనిచ్చా. చపాతీలు ఒత్తుతుంటే స్టెప్స్ పెరుగుతున్నాయ్, సూపర్ మార్కెట్‌లో ట్రాలీ తోసుకుంటూ గంట తిరిగితే మాత్రం సగం కూడా చూపించట్లేదు. పీస్ డిఫెక్టా? రిటర్న్ పెట్టేయనా? (ఖమ్మం నుంచి ఒక రీడర్)

జవాబు: పెట్టకండి, కొత్తది తెప్పించినా ఇదే గోల. లోపల యాక్సిలరోమీటర్ అని చిన్న చిప్ ఉంటుంది, అది మూడు దిక్కుల్లో కుదుపు ఎంత వస్తోందో సెకనుకి పదుల సార్లు చూస్తుంటుంది, నడిచేటప్పుడు చెయ్యి ఒకే ఊపులో ఊగుతుంది కాబట్టి ఆ కుదుపు సెకనుకి రెండుసార్లు అటూ ఇటూగా పైకి లేస్తే అడుగులే అనేసుకుంటుంది. అప్పడాల కర్ర ముందుకీ వెనక్కీ ఆడినా దానికి అదే లెక్క. ట్రాలీ పట్టుకుంటే చెయ్యి కదలదు, ఇక కాళ్ళ సంగతి దానికెలా తెలుస్తుంది చెప్పండి!

ఇంకోటి, చాలా బ్యాండ్లు వరసగా కొన్ని అడుగులు పడితేగానీ కౌంట్ మొదలెట్టవు. స్టవ్ దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా నాలుగడుగులు వేసి ఆగితే అవి గాల్లో కలిసినట్టే. వంటింట్లో రోజంతా తిరిగే వాళ్ళకి ఇది అన్యాయమే అంటాన్నేను.

నడుముకి పెడితే అడుగుల లెక్క బెటర్. అమెరికా హెల్త్ సర్వే ఎన్‌హేన్స్‌లో 2003-06లో ఇలాంటి మీటర్‌ని నడుముకే కట్టారు, కానీ జనం తీసి పక్కన పడేసేవాళ్ళు, అందుకే 2011 నుంచి మణికట్టుకి మార్చారు, నిద్రలో కూడా ఉంచుకోవచ్చని. అమ్మగారికీ మణికట్టే బెటర్, కాకపోతే పని తక్కువ చేసే చేతికి కట్టండి, యాప్‌లో ఎడమా కుడా అనే సెట్టింగ్ ఉంటే అదీ మార్చండి. ట్రాలీ తోసేటప్పుడు బ్యాండ్ తీసి ప్యాంటు జేబులోనో, చీర అయితే బొడ్లోనో పెట్టుకుంటే చాలావరకు పడతాయ్.

ప్రశ్న: క్యాలరీలు నమ్మొచ్చా? 10,000 స్టెప్స్ తప్పనిసరా?

జవాబు: క్యాలరీలు వదిలేయండి, మీరిచ్చిన ఎత్తు, బరువు, వయసు పట్టుకుని వేసే అంచనా అది. 10,000 కూడా డాక్టర్లు పెట్టిన నంబరేం కాదు, 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే మీటర్) అమ్మడానికి వాడుకున్నది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే అడుగుల్లో చెప్పదు, పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలమంటుంది అంతే. రాత్రి పదకొండింటికి హాల్లో రౌండ్లు కొట్టి టార్గెట్ పూర్తి చేసే బ్యాచ్ అయితే ఇక పడుకోండి.