టెక్ సందేహాలు: నాన్నగారు జీపీఎస్ వాచీ తీసేస్తున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు) తొలి దశ అని డాక్టర్ చెప్పారు. సాయంత్రం నడకకు వెళ్లి దారి తప్పుతారేమోనని జీపీఎస్ వాచీ కొన్నాం. పెట్టిన కాసేపటికే తీసేస్తున్నారు. ఆయన విప్పలేని పట్టీ ఉన్న వాచీ ఏదైనా చెప్పండి. అలాగే ట్యాబ్‌లో మా ఇంటి ఫొటోలన్నీ వేసి ఇవ్వాలనుకుంటున్నాం. మంచిదేనా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తాళం పడే పట్టీలతో వాచీలు దొరుకుతాయి. దయచేసి కొనకండి. ఎందుకు తీసేస్తున్నారో ముందు నాన్నగారినే అడగండి. చెమటకు దురద పెడుతోందా? ముళ్లు లేకపోవడంతో టైము తెలియడం లేదా? నలుగురిలో నామోషీగా ఉందా? దురదైతే పట్టీ మారిస్తే చాలు. నామోషీ అయితే ఎంత ఖరీదైన వాచీ తెచ్చినా చేతికి ఉండదు. తొలి దశలో ఉన్న చాలామంది తమకేం కావాలో చక్కగా చెప్పగలరు. అడగనిది మనమే.

బ్రిటన్‌లో ‘కైట్’ అనే ప్రాజెక్టు పరిశోధకులు ఈ పనే చేశారు. బయట తిరిగేటప్పుడు సాయపడే పరికరాన్ని డిమెన్షియా ఉన్నవారితో, వారి ఇంటివారితో కలిసి రూపొందించి, ఫలితాలను 2009లో ప్రచురించారు. డిమెన్షియా ఉన్నవారు కోరిన వాటిలో ముఖ్యమైనది, అవసరమైనప్పుడు తామూ ఇంటికి కబురు చేయగలగడం. మీ వాచీ నాన్నగారెక్కడున్నారో మీకు చెబుతుంది. మరి ఆయనకేం చెబుతోంది?

అందుకే ఆయనకు అలవాటైన ఫోనుతోనే మొదలుపెట్టండి. ఆండ్రాయిడ్ అయితే హోమ్ స్క్రీన్ మీద మీ ఫొటోతో డైరెక్ట్ డయల్ విడ్జెట్ పెట్టండి. నొక్కగానే కాల్ వెళ్తుంది. ఏ ఫొటో పెడితే మిమ్మల్ని చప్పున గుర్తుపడుతున్నారో ఆయనతోనే కూర్చుని చూడండి. ఐఫోన్ అయితే ఐఓఎస్ 17 నుంచి సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో ‘అసిస్టివ్ యాక్సెస్’ ఉంది. పెద్ద బొమ్మలతో, మీరు ఎంచుకున్న కొద్ది యాప్‌లే కనిపిస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ కూడా పెట్టుకోవచ్చు, కానీ ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే. చాటుగా పెట్టి తర్వాత బయటపడితే ఫోను కూడా ఇంట్లో వదిలి వెళ్తారు. ఒకసారి కుదిరాక ఐకాన్ల చోటు మార్చకండి.

ఇక ఫొటోల సంగతి. ఇంటి ఫొటోలు చూపించగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘ఇదెవరో చెప్పండి నాన్నా’. అక్కడే అది పరీక్షగా మారిపోతుంది. పేరు తట్టకపోతే ఆ పూటంతా ఆయన మనసు చివుక్కుమంటుంది. స్కాట్లాండ్‌లో ‘సర్కా’ అనే టచ్‌స్క్రీన్ వ్యవస్థను కూడా డిమెన్షియా ఉన్నవారితో కలిసే తయారు చేశారు. అందులో ఎవరి సొంత ఫొటోలూ ఉండవు, అందరికీ తెలిసిన పాతకాలపు బొమ్మలు, పాటలు, వీడియోలు ఉంటాయి. సొంత ఫొటోల దగ్గర పేర్లు చెప్పి ఊరుకునేవారు ఇలాంటి బొమ్మలు చూసి కథలు చెప్పారని ఆ బృందం పరిశోధనలో తేలింది. వాటికి తప్పు జవాబంటూ ఉండదు మరి.

కాబట్టి ఇంటి ఫొటోలు కొన్నే ఉంచండి, వాటి మీద పేర్లు రాయండి. మిగతా చోటంతా హేవలాక్ వంతెన మీద రైలు, గోదావరిలో లాంచీలు, బొగ్గు ఇంజన్లు, ఆయన కుర్రతనంలో వచ్చిన సినిమాల పోస్టర్లతో నింపండి. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో ఆయనే చెబుతారు. కొన్ని నెలలకు ఇష్టాలూ, చేతి పట్టూ మారతాయి. అప్పుడు మళ్లీ ఆయనతోనే కూర్చుని సరిచేయండి.